చిన్న అల్యూమినియం బోటుకి ఎన్ని హెచ్‌పీ మోటారు? కొనే ముందు వేసుకోవాల్సిన లెక్కలు

"నాది పద్నాలుగు అడుగుల అల్యూమినియం బోటు, ఎన్ని హెచ్‌పీ మోటారు పెట్టాలి?" అని అడిగితే చాలామంది ఆలోచించకుండా ఒక అంకె చెప్పేస్తారు. ఆ అంకె సరిపోవచ్చు, సరిపోకపోవచ్చు. పొడవు ఒక్కటే తెలిస్తే మోటారు సంగతి తేలదు. ఎంతమంది ఎక్కుతారు, సామాను ఎంత, బోటు అడుగు బల్లపరుపుగా ఉందా 'వి' ఆకారంలో ఉందా, తిరిగేది నిలకడ నీళ్లలోనా ప్రవాహంలోనా, మోటారు బిగించే వెనక పలక ఎంత బరువు మోస్తుంది అన్నవి తెలిశాకే అంకె మాట.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చిన్న బోటుకి పనికొచ్చే మోటార్లు రెండు రకాలు. నెమ్మదిగా నీళ్లు తోసుకుంటూ వెళ్లడానికి చాలినంత చిన్నది ఒకటి. బోటుని నీటి మీదికి సునాయాసంగా లేపి పరిగెత్తించేది ఇంకొకటి. ఈ రెండింటికీ మధ్యలో, లేపీ లేపలేక మూలుగుతూ పెట్రోలు తాగే మోటారుతోనే వస్తుంది చిక్కంతా. కింది లెక్కలన్నీ ఆ మధ్య గుంటలో పడకుండా చూసుకోవడానికే.

1. ముందు ప్లేట్ చదవండి

చాలా బోట్లకి లోపల, వెనక పలక దగ్గరో డ్రైవరు కూర్చునే చోటో, ఒక చిన్న ప్లేట్ రివెట్లు వేసి ఉంటుంది. అమెరికాలో 1972 నవంబరు తర్వాత తయారైన, 20 అడుగుల లోపు మోటారు బోట్లకి ఇది తప్పనిసరి. అందులో ఎంతమంది ఎక్కొచ్చు, మనుషులూ మోటారూ సామానూ కలిపి ఎంత బరువు, గరిష్ఠంగా ఎన్ని హెచ్‌పీ అని ఉంటుంది. యూరప్ బోట్లకి సీఈ గుర్తు (అక్కడి నియమాలకి సరిపోయిందని చెప్పే ముద్ర) ఉన్న ప్లేటూ, దానితోపాటు ఓనర్ మాన్యువలూ ఉంటాయి. అక్కడ శక్తిని కిలోవాట్లలో రాస్తారు. ఒక హెచ్‌పీ అంటే 0.746 కిలోవాట్లు, కాబట్టి 15 హెచ్‌పీ సుమారు 11 కిలోవాట్లు.

ప్లేట్ మీదున్న హెచ్‌పీ మీరు దాటకూడని గీత. అంత పెట్టి తీరాలని దాని అర్థం కాదు. దాటితే ఏమవుతుందంటే, పల్చటి అల్యూమినియం రేకుకి వేసిన రివెట్లూ వెల్డింగులూ వదులవుతాయి, వెనక పలక బీటలిస్తుంది, మలుపులో బోటు అదుపు తప్పుతుంది. ప్రమాదం జరిగితే బీమా వాళ్లు చేతులెత్తేసే అవకాశమూ ఉంది.

ప్లేట్ ఊడిపోయిందా? అమెరికా కోస్ట్‌గార్డ్ వాడే లెక్క ఒకటి ఉంది, సులువే. బోటు పొడవునీ వెనక పలక వెడల్పునీ అడుగుల్లో తీసుకుని గుణించండి. జవాబు 35 లోపైతే 3 హెచ్‌పీ. 36 నుంచి 39 అయితే 5. 40 నుంచి 42 అయితే 7.5. 43 నుంచి 45 అయితే 10. 46 నుంచి 52 అయితే 15. బోటు అడుగు బల్లపరుపుగా, అంచులు కోసినట్టు ఉంటే వీటిలో ఒక మెట్టు కిందికి దిగాలి.

52 దాటితే లెక్క మారుతుంది. చేత్తో టిల్లర్ (మోటారుకే ఉండే పొడవాటి పిడి) పట్టుకుని నడిపే బోటైతే, బల్లపరుపు అడుగుకి ఆ అంకెలో సగం తీసుకుని 15 తీసేయాలి. 'వి' అడుగుకి 0.8తో గుణించి 25 తీసేయాలి. స్టీరింగు చక్రం ఉండి, వెనక పలక ఎత్తు కనీసం 20 అంగుళాలుంటే రెండు రెట్లు చేసి 90 తీసేయాలి. వచ్చినదాన్ని పై 5కి సర్దుకోవచ్చు.

ఉదాహరణకి 14 అడుగుల పొడవు, 4 అడుగుల వెనక వెడల్పు. గుణిస్తే 56. బల్లపరుపు బోటుకి 28 లోంచి 15 పోతే 13, అంటే 15 హెచ్‌పీ. 'వి' బోటుకి 44.8 లోంచి 25 పోతే 19.8, అంటే 20. చక్రం స్టీరింగుకి 112 లోంచి 90 పోతే 22, అంటే 25. ఒకే పొడవు, ఒకే వెడల్పు, మూడు వేర్వేరు జవాబులు. పొడవు చూసి అంకె చెప్పేవాళ్ల మాట అందుకే పట్టించుకోనక్కర్లేదు. అయితే ఈ లెక్క గట్టిగా ఉన్న బోటుకే. పలక లోపలి చెక్క కుళ్లిపోయిన పాత బోటుకి ఏ సూత్రమూ వర్తించదు. మోటారు బిగించే చోట రెండు చేతులతో పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపి చూడండి. కొంచెం కదిలినా ముందు పలక బాగు చేయించండి, మోటారు సంగతి తర్వాత.

2. నీళ్లలో దిగినప్పటి బరువు కట్టండి

ఈ పని ఎవరూ సరిగా చేయరు. తయారీదారు చెప్పే బరువు ఒట్టి రేకుది. మీరు నడిపేది ఒట్టి రేకుని కాదు కదా.

ఒక మామూలు 14 అడుగుల 'వి' బోటు తీసుకుందాం. ఖాళీ బోటు 110 కిలోలు. ఇద్దరు మనుషులు, బట్టలూ బూట్లతో కలిపి 160. మోటారు 45. పన్నెండు లీటర్ల ట్యాంకు నిండా పోస్తే పెట్రోలు 9 కిలోలు, ట్యాంకు 3, కలిపి 12. బ్యాటరీ 22. లంగరూ తాడూ 8. తెడ్లూ లైఫ్ జాకెట్లూ 8. ఐస్ పెట్టె, తాగే నీళ్లు, చేపల సరంజామా అంతా కలిపి 25. మొత్తం 390 కిలోలు. ఖాళీ బోటు బరువుకి ఇది మూడున్నర రెట్లు.

మూడో మనిషి ఎక్కితే 470. ఈ రెండు అంకెలూ గుర్తుంచుకోండి, కింద మళ్లీ వాడతాను. మీ బోటుకి కూడా ఇలాగే రెండు అంకెలు తీయండి: మామూలుగా వెళ్లే రోజు బరువు, అందరూ ఎక్కిన రోజు బరువు. కార్పెట్ వేసిన చెక్క ఫ్లోరు గానీ ఎత్తు సీట్లు గానీ బిగించుకుని ఉంటే అవీ కలపాలి. తడిసిన ప్లైవుడ్ ఎంత బరువుంటుందో మోస్తే గానీ తెలియదు.

3. తోసుకుంటూ వెళ్తారా, లేచి పరిగెత్తుతారా

ఏ బోటైనా నెమ్మదిగా వెళ్లేటప్పుడు నీళ్లని పక్కకి తోసుకుంటూ వెళ్తుంది. అలా వెళ్లినంతసేపూ దాని వేగానికి ఒక హద్దు ఉంది. నీటిని తాకే పొడవు అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే ఆ హద్దు నాట్లలో వస్తుంది. 13 అడుగులు నీళ్లలో ఉంటే 4.8 నాట్లు, అంటే గంటకి సుమారు 9 కిలోమీటర్లు. ఈ వేగం అందుకోవడానికి నిలకడ నీళ్లలో మూడు నాలుగు హెచ్‌పీ చాలు. అంతకు మించి శక్తి పెట్టినా బోటు తాను లేపిన అలనే ఎక్కడానికి తంటాలు పడుతుంది తప్ప వేగం పెద్దగా పెరగదు.

ఆ అలని ఎక్కి దాటేసిందంటే ఇక నీటి మీద జారుకుంటూ పోతుంది. దీన్నే ప్లేనింగ్ అంటారు. ముందు భాగం పైకి లేచి, ఒక్క క్షణం ఆగినట్టై, మళ్లీ కిందికి వాలుతుంది. మోటారు చప్పుడు తేలికవుతుంది. వెనకాల తెల్లగా చిమ్మే నీళ్లు చదునవుతాయి. బోటు ప్లేనింగ్‌కి వచ్చిందనడానికి అదే గుర్తు.

అక్కడికి చేరాలంటే ఒక్కో హెచ్‌పీ మీద ఎన్ని కిలోలు పడుతున్నాయో చూడాలి. తేలికపాటి అల్యూమినియం బోట్లకి నేను వాడే కొలత ఇది. హెచ్‌పీకి 20 కిలోలో అంతకు తక్కువో పడితే హాయిగా లేస్తుంది. 20 నుంచి 27 దాకా పర్వాలేదు. 30 దగ్గరికొస్తే అనుమానమే. ముందు కూర్చున్నవాళ్లు ఇంకొంచెం ముందుకి జరిగితే లేవొచ్చు, ఎదురుగాలి ఉంటే లేవకపోవచ్చు. 35 దాటితే ఆశ వదులుకోండి. బల్లపరుపు అడుగు బోట్లు దీనికంటే కాస్త సులువుగా లేస్తాయి. లోతైన 'వి' ఉన్నవి మొరాయిస్తాయి.

ఇప్పుడు మన అంకెలు పెట్టి చూడండి. ఇద్దరితో 390 కిలోలు, 15 హెచ్‌పీ. హెచ్‌పీకి 26 కిలోలు, లేస్తుంది. మూడో మనిషి ఎక్కితే 470, హెచ్‌పీకి 31. నిన్న పరిగెత్తిన బోటే ఇవాళ ముక్కు ఆకాశానికి ఎత్తి ఈడుస్తుంది. అదే 20 హెచ్‌పీ అయితే ముగ్గురితోనూ హెచ్‌పీకి 23.5 మాత్రమే. 9.9 పెడితే ఇద్దరికే 39 అవుతుంది, లేచే ప్రశ్నే లేదు. ఒక్కరే వెళ్తే 31, అదీ అంతంతమాత్రమే.

లేవని బోటుని ఫుల్ థ్రాటిల్‌లో నడిపితే ఎదురుగా ఏమీ కనపడదు, ముక్కు అడ్డం. వెనక పలక కిందికి కుంగి ఉంటుంది. మీరు లేపే పెద్ద అల ఒడ్డునున్న వాళ్లని విసిగిస్తుంది. పెట్రోలు సంగతి చూస్తే, ఫోర్ స్ట్రోక్ మోటారు ఫుల్ థ్రాటిల్‌లో గంటకి హెచ్‌పీకి రమారమి 0.3 లీటర్లు తాగుతుంది. 9.9 గంటకి 3 లీటర్లు తాగి, లేవలేక 12 కిలోమీటర్లు ఈడిస్తే, లీటరుకి 4 కిలోమీటర్లు వచ్చినట్టు. 20 హెచ్‌పీ గంటకి 6 లీటర్లు తాగినా 33 కిలోమీటర్లు లాగితే లీటరుకి ఐదున్నర వస్తుంది. ఒకసారి లేచాక థ్రాటిల్ తగ్గిస్తే ఇంకా మెరుగు. చిన్న మోటారు కొంటే పెట్రోలు ఆదా అన్న మాట తోసుకుంటూ వెళ్లేవాళ్లకే నిజం.

లేచాక వేగం ఎంతో ఒక అంచనా కావాలంటే క్రౌచ్ సూత్రం ఉంది. హెచ్‌పీకి పడే కిలోల వర్గమూలం తీసి, 160ని దానితో భాగిస్తే గంటకి కిలోమీటర్లు వస్తాయి. 26 కిలోలకి 31, 19.5 కిలోలకి 36. అంటే ఇద్దరున్న బోటుకి 15 తీసి 20 పెడితే పెరిగేది ఐదు కిలోమీటర్లే. వేగం కోసమే అయితే పెద్ద మోటారు అంత లాభసాటి బేరం కాదు. బరువెక్కినప్పుడు లేపే సత్తా కోసమే అది.

4. వెనక పలక మీద పడే బరువు

హెచ్‌పీ గురించి అంతసేపు వాదించుకునేవాళ్లు మోటారు బరువు అడగరు. నాకైతే ఇదే అసలు విషయం అనిపిస్తుంది.

ఇప్పటి ఫోర్ స్ట్రోక్ మోటార్లు సుమారుగా ఇలా తూగుతాయి. రెండున్నర హెచ్‌పీవి 13 నుంచి 18 కిలోలు. 4, 5, 6 హెచ్‌పీ సింగిల్ సిలిండర్లు 25 నుంచి 28. 8, 9.9 హెచ్‌పీవి 37 నుంచి 45. 15, 20 హెచ్‌పీవి 43 నుంచి 52. అక్కడి నుంచి 25కి వెళ్తే కంపెనీని బట్టి 57 నుంచి 70 పైదాకా. ఎలక్ట్రిక్ స్టార్టు, బటన్ నొక్కి మోటారు కోణం మార్చే పవర్ ట్రిమ్ చేరిస్తే ఇంకా పెరుగుతుంది.

ఈ అంకెల్లో ఒక కిటుకు దాగుంది. చాలా కంపెనీలు 4, 5, 6 మోటార్లని ఒకే ఇంజను బ్లాకు మీద చేస్తాయి. 9.9, 15, 20 కూడా అంతే. ఉదాహరణకి టొహాట్సు కంపెనీ ఫ్యూయల్ ఇంజెక్షన్ మోటార్లలో ఈ మూడూ 333 సీసీ ఇంజనే. బరువు ఇంచుమించు ఒకటే. కాబట్టి ప్లేట్ ఒప్పుకుంటే, ఆ బ్లాకులో పెద్దదాన్ని తీసుకోవడంలో పలకకి వచ్చే కష్టమేమీ లేదు. 20 నుంచి 25కి వెళ్లడం మాత్రం వేరే సంగతి, బరువు ఒక్కసారి దూకుతుంది.

ఒక దృశ్యం ఊహించండి. మోటారు 45 కిలోలు వెనక పలక మీద ఉంది. దాని పక్కనే పెట్రోలు ట్యాంకు, బ్యాటరీ. స్టార్టు తాడు లాగడానికి 80 కిలోల మనిషి లేచి నిలబడి వెనక్కి వంగాడు. బోటు చివరి మీటరులోనే 160 కిలోలు. అలాంటప్పుడు వెనక పలక పై అంచుకీ నీటికీ మధ్య ఎంత ఎత్తు మిగిలిందో చూడండి. బెత్తెడే ఉంటే, థ్రాటిల్ ఒక్కసారిగా వదిలినప్పుడు వెనకనుంచి తరుముకొచ్చే మీ సొంత అలే లోపలికి దూకుతుంది. చిన్న బోటు మునగడానికి తుపానే అక్కర్లేదు, ఇది చాలు.

మందు సులువే. ట్యాంకునీ బ్యాటరీనీ మధ్య సీటు కిందికో ముందుకో జరపండి, పొడవైన పైపూ కేబుళ్లూ వేయండి. టిల్లర్‌కి పొడిగింపు కర్ర తగిలిస్తే మీరు కూడా ఒక అడుగు ముందుకి కూర్చోవచ్చు. ఇవి చేశాక కూడా వెనక కుంగుతూ ఉంటే, మోటారు పెద్దదైపోయినట్టే.

పాత టూ స్ట్రోక్ మోటార్లు ఈ విషయంలో నయం. అదే శక్తికి చాలా తేలిక. అందుకే 1970ల నాటి బోటుకి ఇప్పటి ఫోర్ స్ట్రోక్ బిగించేటప్పుడు ప్లేట్ మీది హెచ్‌పీ సరిపోయినా, మొత్తం బరువు హద్దు దాటే ప్రమాదం ఉంది. రెండు అంకెలూ చూసుకోవాలి.

5. షాఫ్ట్ పొడవు: టేపు తీసి కొలవండి

షాఫ్ట్ అంటే మోటారు నుంచి నీళ్లలోకి దిగే కాలు. వెనక పలక పై అంచు మధ్యలో, మోటారు కూర్చునే చోట టేపు పెట్టండి. అక్కణ్ణుంచి నిట్టనిలువుగా బోటు అడుగు చివరిదాకా కొలవండి. 15 అంగుళాల దరిదాపుల్లో ఉంటే షార్ట్ షాఫ్ట్, 20 దగ్గర ఉంటే లాంగ్ షాఫ్ట్. 16, 17 వచ్చినా సాధారణంగా షార్టే సరిపోతుంది. చిన్న అల్యూమినియం బోట్లలో ఈ రెండే కనిపిస్తాయి. ఎక్స్‌ట్రా లాంగ్ అనే 25 అంగుళాలది పెద్ద బోట్లకి.

బిగించాక ప్రొపెల్లర్ పైన ఉండే అడ్డ రేకు చూడండి. అది బోటు అడుగుతో సమానంగా, లేదా ఒక అంగుళం కిందికి ఉండాలి. మరీ పైకుంటే ప్రొపెల్లర్ గాలి పీల్చి మలుపుల్లో ఉత్తినే తిరుగుతుంది. మరీ కిందికుంటే మోటారు కాలు నీళ్లలో ఈడ్చుకుంటూ వేగం తినేస్తుంది, నీళ్లు వెనక పలక మీదికి చిమ్ముతాయి. చవగ్గా దొరికిందని షార్ట్ బోటుకి లాంగ్ షాఫ్ట్ మోటారు కొనకండి. రాళ్లున్న చోట అయిదు అంగుళాల తేడా చాలా ఎక్కువ.

6. మీ నీళ్లు ఎలాంటివి

ప్రవాహంలో తిరిగేవాళ్లు ఒక తీసివేత చేసుకోవాలి. నీళ్ల వడి గంటకి 5 కిలోమీటర్లు ఉండి, మీ బోటు హద్దు 9 అయితే, ఎదురెక్కేటప్పుడు మిగిలేది నాలుగే. గాలి కూడా ఎదురైతే తెడ్డు వేసినంత వేగం కూడా రాకపోవచ్చు. అలాంటి చోట తోసుకుంటూ వెళ్లే చిన్న మోటారు నమ్ముకోవడం కష్టం.

ఎత్తు ప్రదేశాల సరస్సుల్లో గాలి పల్చగా ఉంటుంది కాబట్టి మోటారు శక్తి తగ్గుతుంది. ప్రతి 300 మీటర్లకి సుమారు 3 శాతం. 1500 మీటర్ల ఎత్తులో 15 హెచ్‌పీ మోటారు 13 కంటే తక్కువే ఇస్తుంది. హెచ్‌పీకి కిలోలు ఆ తగ్గిన అంకెతో కట్టాలి.

నియమాలు కూడా చూసుకోండి. చాలా సరస్సుల్లో 10 హెచ్‌పీ దాటకూడదు, కొన్నిట్లో పెట్రోలు మోటారే కూడదు. మార్కెట్లో అన్ని 9.9లు ఉండటానికి అదొక కారణం. జర్మనీలో 2012 నుంచి 15 హెచ్‌పీ దాకా లైసెన్సు లేకుండా చాలాచోట్ల నడపొచ్చు. మీ నీళ్లకి ఏ హద్దు ఉందో కనుక్కున్నాకే షాపుకి వెళ్లండి. ఉప్పునీళ్లలో తిరిగేవాళ్లయితే ఇంకొక్క మాట: ప్రతిసారీ మంచినీళ్లతో మోటారు లోపల కడగాలి, ఆనోడ్లు (మోటారుకి బదులు తాము తుప్పుకి బలయ్యే లోహపు ముక్కలు) అరిగాయేమో చూడాలి. బోటు మీదో, మోటారు మీదో పెయింటు లేచిన చోట అల్యూమినియం తినేయడానికి ఉప్పు ఎదురుచూస్తూ ఉంటుంది.

7. ఇంధనం, స్టార్టు, స్టీరింగు

కొత్తది కొనేవాళ్లకి ఇప్పుడు ఫోర్ స్ట్రోకే దారి. అమెరికా, యూరప్ పొగ నియమాల వల్ల కార్బురేటర్ టూ స్ట్రోకులు అక్కడి కొత్త మోటార్ల అమ్మకాల్లోంచి తప్పుకున్నాయి. ఇంజెక్షన్ ఉన్న ఫోర్ స్ట్రోకు చలిలో తేలిగ్గా స్టార్టవుతుంది, చాలా రోజులు పక్కన పెట్టినా కార్బురేటర్లో జిగురు పట్టే టెన్షన్ ఉండదు. పది హెచ్‌పీ పైన ఇంజెక్షనే తీసుకోమంటాను.

ఎలక్ట్రిక్ మోటార్లు తోసుకుంటూ వెళ్లేవాళ్లకి చక్కగా పనికొస్తాయి. ఒక కిలోవాట్ మోటారుని సుమారు 3 హెచ్‌పీ పెట్రోలు మోటారుతో సమానంగా చెబుతారు. పెద్ద ప్రొపెల్లర్‌ని నెమ్మదిగా తిప్పి నెట్టుకొస్తుంది కాబట్టి తోపు విషయంలో అది దాదాపు నిజమే. 1.3 కిలోవాట్ అవర్ల బ్యాటరీతో ఫుల్ మీద గంటంపావు వస్తుంది, వేగం సగానికి తగ్గిస్తే అంతకి ఎన్నో రెట్లు. ప్లేనింగ్ కోసం మాత్రం ఇవి కాదు. చేపలు పట్టేటప్పుడు మెల్లగా కదలడానికి వాడే ట్రోలింగ్ మోటార్లని పౌండ్ల తోపులో కొలుస్తారు. ప్రతి 45 కిలోలకి 2 పౌండ్లు కనీసం అంటారు. 390 కిలోలకి 17 సరిపోవాలి గానీ, గాలి వీచే చోట 40 కంటే తక్కువ తీసుకోకండి.

20 హెచ్‌పీ దాకా టిల్లర్ బాగుంటుంది, బోటులో జాగా మిగులుతుంది. తాడు లాగే స్టార్టు కూడా 20 దాకా ఆరోగ్యంగా ఉన్న భుజానికి సమస్య కాదు. భుజం నొప్పి ఉన్నవాళ్లు ఎలక్ట్రిక్ స్టార్టుకి వెళ్లి, బ్యాటరీ బరువు లెక్కలో కలుపుకోవాలి. కిల్ స్విచ్ (తాడు ఊడితే ఇంజను ఆపేసేది) తాడు మాత్రం చేతికో జాకెట్‌కో తగిలించే ఉండాలి. టిల్లర్ వదిలేస్తే మోటారు ఒక పక్కకి తిరిగి, బోటు గుండ్రంగా తిరుగుతూ నీళ్లలో పడ్డ మనిషి మీదికే వస్తుంది. అమెరికాలో 26 అడుగుల లోపు, 3 హెచ్‌పీ గానీ అంతకు పైన గానీ మోటారున్న బోట్లలో, ఆ స్విచ్ ఉంటే వేగంగా వెళ్లేటప్పుడు దాన్ని తగిలించుకోవడం 2021 ఏప్రిల్ 1 నుంచి చట్టం.

8. కొన్నాక నీళ్లలో పరీక్ష

సరైన హెచ్‌పీ కొని తప్పు ప్రొపెల్లర్‌తో తిరిగేవాళ్లు చాలామంది. మోటారుతో వచ్చే ప్రొపెల్లర్ సగటు బోటుకి, మీ బోటుకి కాదు.

మామూలు రోజు బరువుతో, నిలకడ నీళ్లలో ఫుల్ థ్రాటిల్ ఇచ్చి ఆర్‌పీఎం చూడండి. ప్లగ్గు వైరుకి చుట్టే చిన్న ట్యాకోమీటరు చాలు. మాన్యువల్‌లో ఫుల్ థ్రాటిల్ ఆర్‌పీఎం హద్దులు ఉంటాయి. ఈ తరగతి మోటార్లలో 5000 నుంచి 6000 అనేది తరచుగా కనపడే హద్దు. మీకు 4700 మాత్రమే వస్తే ప్రొపెల్లర్ పిచ్ (ఒక చుట్టుకి అది ముందుకి జరగాల్సిన దూరం, అంగుళాల్లో) ఎక్కువైంది, ఇంజను టాప్ గేరులో గుట్ట ఎక్కుతున్నట్టు బిగుసుకుపోతోంది. పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే సుమారు 200 ఆర్‌పీఎం పెరుగుతుంది. 10 పిచ్ తీసి 8 వేస్తే 5100 దగ్గరికి వస్తారు. అదే 6300 చూపిస్తే ఒక అంగుళమో రెండో పెంచాలి. రెండు ప్రొపెల్లర్లు ఉంచుకుని, ఒక్కరే వెళ్లేటప్పుడు పెద్ద పిచ్, ముగ్గురు ఎక్కినప్పుడు చిన్న పిచ్ వేసుకుంటే 15 హెచ్‌పీ బోటు కూడా కొన్నిసార్లు 31 కిలోల గండం గట్టెక్కుతుంది.

తర్వాత మోటారు కోణం. చిన్న మోటార్లకి వెనక బ్రాకెట్‌లో రంధ్రాలూ, ఒక పిన్నూ ఉంటాయి. ముక్కు మరీ పైకి లేస్తుంటే పిన్నుని లోపలి రంధ్రంలోకి మార్చండి. ముక్కు నీళ్లలో దిగబడుతుంటే బయటి రంధ్రంలోకి. లేచాక బోటు కప్పలా ఎగిరెగిరి పడుతుంటే ముందు పిన్ను లోపలికి మార్చి చూడండి, తగ్గకపోతే కొంత బరువు ముందుకి జరపండి.

9. ఇక అంకెలు

పది అడుగుల బోటుకి రెండున్నర నుంచి 5 దాకా, అంతకు మించి వద్దు. పన్నెండు అడుగులదైతే ఒక్కరికి 6 తోసుకుంటూ పోవడానికి, ప్లేనింగ్‌కి 9.9. ప్లేట్ ఒప్పుకుని ఇద్దరు వెళ్లేవాళ్లైతే 15. పద్నాలుగు అడుగులకి సరస్సులో మెల్లగా చేపలు పట్టుకునేవాళ్లు 4 నుంచి 6 తీసుకుని ప్రశాంతంగా ఉండొచ్చు. పరిగెత్తాలంటే నేరుగా 15 కో 20 కో వెళ్లండి. 8 గానీ 9.9 గానీ 14 అడుగుల బోటుకి, ఇద్దరు మనుషులతో, నేను చెప్పిన ఆ మధ్య గుంట. నియమం 10 దాటనివ్వకపోతే తప్ప కొనొద్దంటాను. పదహారు అడుగుల బోట్లకి 25 నుంచి 40, కానీ అక్కడ వెడల్పూ బరువూ ఇంతగా మారతాయి కాబట్టి ప్లేట్, హెచ్‌పీకి కిలోలు, ఈ రెండే మాట్లాడాలి.

పాత మోటారు కొంటున్నారా? మూత మీద స్టిక్కరు నమ్మకండి. ఒకే బ్లాకు మీద వచ్చే మోటార్లలో 9.9 కి 15 స్టిక్కరు అతికించడం కష్టమైన పని కాదు. బ్రాకెట్ మీదున్న మోడల్, సీరియల్ నంబర్లతో సరిచూడండి. చల్లగా ఉన్న మోటారునే స్టార్టు చేయించండి. వెనక సన్నటి నీళ్ల ధార గట్టిగా రావాలి. సిలిండర్ల కంప్రెషన్ల మధ్య తేడా 10 శాతం దాటకూడదు. గేరు నూనె బోల్టు కొంచెం వదులు చేసి నాలుగు చుక్కలు చూడండి. పాలలా తెల్లగా ఉంటే లోపలికి నీళ్లు పోతున్నాయి, సీళ్లు మార్చే ఖర్చు తగ్గించి బేరమాడాలి, లేదా ఇంకోటి చూసుకోవాలి.